రగతం మీద నేరం మోపొద్దు



మన మాలపల్లెల్లో, మాదిగ్గేరుల్లో ఒక ఇంట్లో ఒకరికి తోలు చెడి, ఇంకొకరికి మతి చెడితే వూరు ఒకే మాట అంటుంది: ‘వాళ్ల రగతమే అంత’. ఆ మాటతో పిల్లకు కుదిరిన సంబంధం తప్పిపోతుంది. వూరోళ్లే కాదు, మనమూ అంటున్నాం. అందుకే ఈ నాలుగు ముక్కలు.

తోలునూ మతినీ కలిపి చెడగొట్టే జబ్బు ఒకటుంది. పేరు పెల్లాగ్రా. ఎండ తగిలే మెడ, ముంజేతులు, పాదాలు నల్లబడి పొరలు లేస్తాయి. నాలుక మండుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. నిద్ర రాదు, దిగులు, ఆఖరికి తెలివి తప్పుతుంది. వదిలేస్తే ప్రాణమే పోతుంది.

అమెరికాలో ఇది బీదల్ని వేలల్లో చంపింది. 1916లో డావెన్‌పోర్ట్ అనే పెద్ద పండితుడు దీనికి వంశం కారణమని రాశాడు. పాతకాలం కరణం మాటకూ ఈయన మాటకూ తేడా ఏముంది? గోల్డ్‌బెర్గర్ అనే సర్కారు డాక్టరు మాత్రం పిచ్చాసుపత్రుల్లోకి పోయి చూశాడు. రోగులకు వస్తా వుంది, వాళ్లను చూసుకునే నౌకర్లకు రాలేదు. ఒకే కప్పు, వేరే కూడు. పాలు, మాంసం, పప్పు పెట్టిస్తే జబ్బు పోయింది. అంటురోగం కాదని చూపడానికి రోగుల రక్తం తన వొంట్లోకే ఎక్కించుకున్నాడు. ఏమీ కాలేదు. లోపించింది నియాసిన్ అనే విటమినని 1937లో తేలింది.

మన దక్కనులో జొన్నకూటి కూలీలకూ ఇదే వచ్చింది. హైదరాబాదులో డాక్టర్ గోపాలన్ దీన్ని పరిశోధించి, జొన్నలో ఎక్కువగా వుండే లూసిన్ అడ్డం పడుతోందని 1960లో రాశారు. జొన్నను తిట్టొద్దు. రొట్టెలోకి పప్పూ పాలూ దొరికినోళ్లను జొన్న ఏమీ చేయలేదు. నియాసిన్ మెండుగా వుండేది శెనక్కాయల్లో. అనంతపురం ఎర్రనేలంతా శెనక్కాయే గదా! కలుపు తీసిందీ, కాయ ఒలిచిందీ మనోళ్లు. గింజ పోయింది నూనె మిల్లుకు.

జన్యువుల సంగతి అబద్ధమని మేము అనం. సొరియాసిస్‌కూ స్కిజోఫ్రీనియాకూ 6వ క్రోమోజోములో ఒకే చోటి జన్యువులతో సంబంధం వుందని శాస్త్రవేత్తలు చూపారు. కానీ ఆ జన్యువులున్న వాళ్లలో చాలామందికి ఏ జబ్బూ రాదు. అవి కులం చూసి రావు కూడా. అయినా, తోలు పొరలు లేచిన మనిషిని ఎడంగా కూచోబెడితే దిగులు పుట్టడానికి జన్యువు ఎందుకు?

పెల్లాగ్రా తగ్గింది, పోలేదు. సారా మరిగి కూడు మానేసినోళ్లకు వస్తుంది. తిండి చాలని మనిషికి టీబీ మాత్ర ఐసోనియాజిడ్‌తోనూ రావచ్చు. మాత్ర మానొద్దు, డాక్టరుకు చెప్పండి. మెడ చుట్టూ నల్లపట్టీ, మాటల్లో తేడా కనబడితే తాయెత్తుకు కాదు, పెద్దాసుపత్రికి తీసుకుపోండి. నియాసిన్ రకం మందు పడితే చాలామందికి కొద్ది రోజుల్లోనే మతి కుదుటపడుతుంది. సంబంధం వద్దన్నోళ్లకు ఆ తర్వాత జవాబు చెబుదాం.