సిగ్గు చాటున బలపడుతున్న సెగవ్యాధి

గనేరియాకు ఒకప్పుడు ఒక్క పెన్సిలిన్ ఇంజెక్షన్ చాలేది. మన పెద్దలు సెగవ్యాధి అని పిలిచిన ఈ జబ్బుకు నేడు నమ్మదగిన మందుగా మిగిలింది దాదాపు ఒక్కటే: సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్. దానికీ లొంగని క్రిములు ఇప్పుడు కనిపిస్తున్నాయి. 2020లో 15 నుంచి 49 ఏళ్ల వారిలో కొత్తగా 8.2 కోట్ల గనేరియా కేసులు వచ్చాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇలాంటి జబ్బుల పేరెత్తడానికి మన సంఘాలు ఇష్టపడవు. ఆ మౌనమే ఈ క్రిమికి అండగా మారిందని మేము భావిస్తున్నాం.

1930ల చివర్లో సల్ఫా మందులు వచ్చినప్పుడు గనేరియా పీడ వదిలిందనుకున్నారు. పదేళ్లు తిరగకముందే అవి చాలామందిలో పనిచేయడం మానేశాయి. తరువాత వచ్చిన పెన్సిలిన్ మోతాదును ఏళ్ల తరబడి పెంచుకుంటూ పోవలసి వచ్చింది. 1976లో పెన్సిలిన్‌నే నాశనం చేసే ఎంజైమును తయారుచేసుకునే రకాలు బయటపడ్డాయి. టెట్రాసైక్లిన్‌కూ అదే గతి పట్టింది. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులను ఈ వ్యాధికి వాడవద్దని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2007లో చెప్పింది. 2012లో సెఫిక్సిమ్ మాత్రనూ మొదటి వరుస నుంచి తప్పించింది.

కంటికి కనిపించని క్రిమికి ఇంత శక్తి ఎక్కడిది? మందు లోపలికి వచ్చే రంధ్రాలను అది ఇరుకు చేసుకుంటుంది. అయినా లోపలికి చేరిన మందును మోటారు పెట్టి తోడినట్టు బయటికి తోడేస్తుంది. మందు వచ్చి అతుక్కోవలసిన చోటు ఆకారాన్నే మార్చుకుంటుంది. వీటన్నిటికీ తోడు, ఇతర బ్యాక్టీరియా నుంచి జన్యువులను అరువు తెచ్చుకుంటుంది.

ఈ అరువు ఎక్కువగా దొరికేది గొంతులో. ఈ క్రిమికి దగ్గరి చుట్టాలైన బ్యాక్టీరియా మన గొంతులో ఏ హానీ చేయకుండా బతుకుతుంటాయి. జలుబుకూ దగ్గుకూ మనం అనవసరంగా అజిత్రోమైసిన్ మింగిన ప్రతిసారీ వాటిలో ఆ మందును తట్టుకోగలిగినవే మిగిలి పెరుగుతాయి. అవి వదిలిన జన్యువుల ముక్కలను గనేరియా క్రిమి తనలో కలిపేసుకోగలదు. గొంతులో ఈ వ్యాధి ఉన్నట్టు చాలామందికి తెలియనే తెలియదు. సెఫ్ట్రియాక్సోన్‌ను గట్టిగా ఎదిరించిన రకం 2009లో జపాన్‌లోని క్యోటోలో మొదట దొరికింది కూడా ఒక మహిళ గొంతులోనే. కాబట్టి ఇది ‘తప్పు చేసినవాళ్ల’ సమస్య మాత్రమే కాదు. చీటీ లేకుండా మందు కొనే ప్రతి ఇంటికీ ఇందులో పాలు ఉంది.

అన్ని క్రిములూ ఇలా మారవు. సవాయి అని పిలిచే సిఫిలిస్ క్రిమి ఎనభై ఏళ్లుగా పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది. గనేరియాకు కూడా సరైన మందు సరైన మోతాదులో పడితే నయమవుతుంది. నిరాశపడనవసరం లేదు గానీ, ఆలస్యం చేయకూడదు.

మన దగ్గర తరచూ జరిగేదేమిటి? మూత్రంలో మంట, చీము కనిపించిన మగవాడు డాక్టరు దగ్గరకు వెళ్లడానికి సిగ్గుపడతాడు. మెడికల్ షాపులో గుసగుసగా అడిగి నాలుగు మాత్రలు తెచ్చుకుంటాడు. మంట తగ్గగానే ఆపేస్తాడు. భార్యకు చెప్పడు. ఆడవారిలో చాలాసార్లు లక్షణాలే ఉండవు. ఏ పాపం ఎరుగని ఇల్లాలు లోలోపల ఆ వ్యాధిని మోస్తూ సంతానం కలిగే అవకాశాన్ని పోగొట్టుకోవచ్చు. కాన్పు సమయంలో అది బిడ్డ కళ్లకు సోకితే, చికిత్స అందకపోతే, చూపే పోవచ్చు. అరకొర మందులకు బతికి బయటపడిన క్రిములు మరొకరికి అంటుకుంటాయి.

సెఫిక్సిమ్ వంటి మందులను చీటీ లేకుండా అమ్మకూడదని, అమ్మిన వివరాలు రిజిస్టరులో రాయాలని 2014 నుంచి మన దేశంలో నిబంధన ఉంది. దాన్ని గట్టిగా అమలు చేయాలి. లక్షణాలను బట్టి మందులిచ్చి పంపడంతో ఆగకుండా, ఏ మందు పనిచేస్తోందో ల్యాబులో తేల్చే ఏర్పాటు జిల్లా స్థాయికి రావాలి. జోలిఫ్లోడాసిన్ అనే కొత్త మందు ఐదు దేశాల్లో జరిగిన పరీక్షలో మంచి ఫలితం చూపింది. కానీ దాన్నీ పాత మందుల్లాగే వాడితే పాత కథే మళ్లీ జరుగుతుంది.

సుఖవ్యాధులకు ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో ఉచితంగా చికిత్స చేస్తారు, వివరాలు గోప్యంగా ఉంచుతారు. భార్యాభర్తలిద్దరూ కలిసి చికిత్స తీసుకోవాలి. పెళ్లికి ముందు జరిగే కౌన్సెలింగులో ఈ మాట చెప్పమని కాపరులను కోరుతున్నాం. పశ్చాత్తాపం సంగతి వేరు, చికిత్స సంగతి వేరు. మొదటిది రెండోదానికి షరతు కాకూడదు. రోగిని ముందు డాక్టరు దగ్గరకు పంపుదాం, మిగతా మాటలు తరువాత మాట్లాడుకోవచ్చు.