అనవసర ప్రయాణీకుడు

కరోనా వచ్చి జనం ప్రయాణపు అలవాట్లను మార్చేసిందని ఒక మాట చలామణీలోకి వచ్చింది. పత్రికలవాళ్ళు రాశారు, అధికారులు అన్నారు, చివరకు మన సాహిత్య సభల్లో కూడా ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు. మొన్న ఒక కథల సంపుటి మీద చర్చ జరుగుతుంటే ఒక మిత్రుడు లేచి, ఆ కథల్లోని ప్యాసింజరు బండీ, అందులో కిక్కిరిసిన జనమూ వట్టి పాత జ్ఞాపకాలన్నాడు. "ఇవాళ అట్లా ఎవరు ప్రయాణం చేస్తున్నారండీ?" అని అడిగాడు. ఒకరిద్దరు తల కూడా ఊపారు. నాకు అక్కడ మాట్లాడటానికి వ్యవధి దొరకలేదు. అంచేత ఇక్కడ రాస్తున్నాను.

కాఫీ తాగటం అలవాటు. చుట్ట కాల్చటం అలవాటు. దుగ్గిరాల ఆడమనిషి తెల్లవారకముందే లేచి, పూలబుట్ట నెత్తిన పెట్టుకుని బెజవాడ బండి ఎక్కితే దాన్ని అలవాటు అనటం ఏం న్యాయం? ఆ బండి లేకపోతే ఆమెకు ఆ రోజు బేరం లేదు. బేరం లేకపోతే అప్పిచ్చినవాడు ఊరుకోడు. అలవాటైతే మనిషి మానుకోగలడు. ఆమె మానుకోలేదు, ఆమె చేత మాన్పించారు. రెంటికీ తేడా తెలియనివాడు కథలను గురించి ఏం చెప్పినా నేను నమ్మను.

నేను ఇరవైయేళ్ళకు పైగా తెనాలి నుంచి బెజవాడకు సీజను టిక్కెట్టు మీద తిరిగినవాణ్ణి. కొలకలూరు, దుగ్గిరాల, చిలువూరు, పెదవడ్లపూడి, కొలనుకొండ, కృష్ణా కెనాల్ - ఈ పేర్లు నాకు ఎక్కంలాగా వచ్చు. మా పెట్టెలో బీసెంటు రోడ్డు దుకాణాల్లో పనిచేసే గుమాస్తాలుండేవారు, ఆస్పత్రుల్లో ఆయాలుండేవారు, కాలేజీ పిల్లలుండేవారు, పాలవాళ్ళూ కూరగాయలవాళ్ళూ తలుపుల దగ్గర ఉండేవారు. ఎవరు ఏ స్టేషనులో ఎక్కుతారో, ఎవరికి కిటికీ పక్కన చోటు ఉంచాలో అందరికీ తెలుసు.

2020 మార్చి 22 అర్ధరాత్రి దేశంలో ప్రయాణపు బళ్ళన్నీ ఆగిపోయాయి. 1853లో బొంబాయి నుంచి ఠాణాకు మొదటి బండి నడిచింది మొదలు అంతవరకు అట్లా ఎప్పుడూ జరగలేదు. రెండు ప్రపంచ యుద్ధాలు జరిగినా జరగలేదు, 1974 మే నెలలో రైల్వే కార్మికులు మూడు వారాలు సమ్మె చేసినా జరగలేదు. ఆపటం తప్పని నేను అనను. ఊపిరి ద్వారా అంటే జబ్బుకు కిక్కిరిసిన పెట్టెను మించిన చోటు లేదు. 1918 ఇన్‌ఫ్లుయెంజా బొంబాయి రేవులో దిగి రైలు మార్గాల వెంబడే దేశంలోకి పాకి కోటిమందికి పైగా బలి తీసుకుంది. అంతకుముందు ప్లేగు కాలంలోనూ రైలు స్టేషన్లలో తనిఖీలు జరిగాయి. మూడో తరగతి వాళ్ళను దించి ప్లాట్‌ఫారం మీద వరసగా నిలబెట్టేవారు, మొదటి తరగతి దొరలను పెట్టెలోనే మర్యాదగా చూసి వదిలేవారు. ఆ కాలంలో పుట్టిన 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్నే 2020లోనూ బయటికి తీశారు. చట్టంతో పాటు ఆ మర్యాద కూడా బయటికి వచ్చిందని నా వాదం.

ఆపినప్పుడు అందరికీ ఆపారు. తెరిచేటప్పుడు ఎవరికి ముందు తెరిచారో చూడండి. మార్చి 24 రాత్రి నాలుగు గంటల వ్యవధి ఇచ్చి దేశాన్ని మూసేశారు. వలస కూలీలు నడిచారు. ఐదు వారాలు గడిచాక, మే 1న, మన లింగంపల్లి నుంచే మొదటి శ్రామిక రైలు జార్ఖండులోని హటియాకు బయలుదేరింది. అందులో ఎక్కిన పన్నెండు వందలమందీ సంగారెడ్డి దగ్గర కట్టడపు పనికి వచ్చినవాళ్ళు. కార్మిక దినం నాడు కార్మికులను ఇంటికి పంపటం ఎవరి ఆలోచనో గాని బాగానే కుదిరింది. టిక్కెట్టు డబ్బు ఎవరు కట్టాలన్న తగాదా నెలాఖరుదాకా సాగి, మే 28న సుప్రీంకోర్టు కూలీల దగ్గర ఛార్జీ వసూలు చెయ్యరాదని చెప్పవలసి వచ్చింది. ఆగస్టు ఆఖరుకు ఆ బళ్ళు 63 లక్షలమందిని చేరవేశాయి. సెప్టెంబరు 9 వరకు వాటిలో 97 మంది చనిపోయారని రైల్వేమంత్రే రాజ్యసభలో చెప్పారు.

మే 8న ఔరంగాబాదు దగ్గర జరిగింది ఇంకా ఎవరూ మర్చిపోయి ఉండరు. జాల్నా నుంచి నడిచివస్తున్న కూలీలు అలిసి పట్టాల మీదనే పడుకున్నారు. గూడ్సు బండి పోయింది. పదహారుమంది పోయారు. బళ్ళు నడవటంలేదు గదా అని వాళ్ళనుకున్నారు. నడవనిది ప్రయాణపు బండి మాత్రమే. సరుకుబండి ఒక్కరోజు కూడా ఆగలేదు.

నాలుగు రోజులకు, మే 12న, మామూలు ప్రయాణీకులకని కొత్త ఢిల్లీ నుంచి పదిహేను జతల బళ్ళు మొదలుపెట్టారు. అన్నీ ఏసీ పెట్టెలే. తలుపులూ కిటికీలూ బిగించి, లోపలిగాలి లోపలే తిరిగే పెట్టెలు! జూన్ 1 నుంచి మరో రెండు వందల బళ్ళు నడిచాయి. వీటిలో జనరల్ పెట్టెకు కూడా రిజర్వేషను కావాలి. దానికి పదిహేను రూపాయలు వేరే. తొంభై నిమిషాలు ముందుగా స్టేషనుకు రావాలి. తెనాలి నుంచి బెజవాడకు ముప్పైరెండు కిలోమీటర్లు, ముక్కాలు గంట ప్రయాణం. దీనికి గంటన్నర ముందు వచ్చి నిలబడమన్న నియమం రాసినవాడికి మా పెట్టె సంగతి తెలియదనటం కూడా తప్పే. ఆ నియమం రాసేటప్పుడు మా పెట్టె అతని మనసులోనే లేదు. సీజను టిక్కెట్టు ఆ బళ్ళలో చెల్లదు.

హైదరాబాదు సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2003లో మొదలైన ఎంఎంటీఎస్‌లో కనీసపు టిక్కెట్టు ఐదు రూపాయలు. ఫలక్‌నుమా, యాకుత్‌పురా, డబీర్‌పురాల నుంచి హైటెక్ సిటీ వైపు ఇళ్ళలో పనిచెయ్యటానికీ, కాపలా కాయటానికీ, దుకాణాలు ఊడ్వటానికీ పోయేవాళ్ళకు అది ఆధారం. అప్పట్లో పది రూపాయలతో మొదలయ్యే మెట్రో 2020 సెప్టెంబరు 7న తెరుచుకుంది. ఐదు రూపాయల బండి 2021 జూన్ 23 దాకా తెరుచుకోలేదు. అంతకుముందు రోజుకు 121 సర్వీసులు నడిచేవి, తెరిచిననాడు నడిచినవి పది! మెట్రో పెట్టెలో ఏసీ ఉంది, ఎంఎంటీఎస్ పెట్టెలో గాలి దూరే కిటికీ ఉంది. వైద్యుల మాట ప్రకారమే చూస్తే ఏది ముందు తెరవాలి? పదిహేను నెలలపాటు ఈ ప్రశ్నను గట్టిగా అడిగినవాళ్ళు లేరు. అడగగలవాళ్ళందరికీ సొంత వాహనం ఉంది, లేదా ఇంట్లో కూచుని చేసే ఉద్యోగం ఉంది.

నిజంగా ఎడం కావాలంటే బళ్ళు ఎక్కువ నడపాలి. ఇది చిన్నపిల్లవాడికి కూడా తెలిసే లెక్క. 2020 మార్చిలో లండనులో నలభై దాకా భూగర్భ స్టేషన్లు మూసి, బళ్ళు తగ్గించారు. మిగిలిన బళ్ళలో నర్సులూ కట్టడపు కూలీలూ ఒకరిమీద ఒకరు పడి నిలబడ్డారు. బొంబాయిలో లోకలు బళ్ళను జూన్ 15 నుంచి అత్యవసర ఉద్యోగులకు తెరిచారు, అక్టోబరు 21 నుంచి ఆడవాళ్ళకు తెరిచారు, అందరికీ తెరిచింది 2021 ఫిబ్రవరి 1న. అదికూడా తెల్లవారి ఏడు లోపల, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా, రాత్రి తొమ్మిది తరవాత. అంటే పనికి పోయేవాడు పనివేళకు తప్ప ఎప్పుడైనా ఎక్కవచ్చు. జపానులో ప్రభుత్వం బళ్ళు ఆపలేదు, ఇంటి దగ్గరే పనిచెయ్యండని అడిగింది. కాగితాల మీద ముద్ర వెయ్యటానికి గుమాస్తాలు బండెక్కి ఆఫీసుకు పోక తప్పలేదు. మనిషి బండెక్కటానికి కారణం అతని కాళ్ళలో ఉండదు, అతనిచేత పని చేయించుకునేవాడి పద్ధతిలో ఉంటుంది.

మా దగ్గర ఏమైంది? 2020 మే 21న ఆర్టీసీ బస్సులు కదిలాయి. ఛార్జీ రైలుకు దాదాపు నాలుగు రెట్లు. అది పెట్టుకోలేనివాళ్ళు ఆటోల్లో మెడలు వంచుకుని కూచున్నారు. ఏడుగురు పట్టే ఆటోలో పన్నెండుగురు. రైలుపెట్టెలో జబ్బు అంటుతుందని బండి ఆపితే ఆ జనమే మోకాళ్ళకు మోకాళ్ళు తగిలించుకుని ఆటోలో పోయారు. దీన్ని ప్రజారోగ్యం అనాలట. మా పెట్టెలో నాకెదురుగా కూచునే ఒకాయన బట్టలకొట్టులో గుమాస్తా. కొట్టు తెరిచాక జీతం సగం చేశారు. ఆ సగంలో సగం ఆటోకూ బస్సుకూ పోయింది. మూడు నెలలు లాగి మానేశాడు. అతను కూడా లెక్కల్లో "ప్రయాణపు అలవాటు మార్చుకున్నవాడే" అయిఉంటాడు.

2021లో రిజర్వేషను లేని బళ్ళు కొన్ని మెల్లగా తిరిగి వచ్చాయి. మా బండి కూడా వచ్చింది, కాని ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అనే పేరుతో వచ్చింది. అవే పెట్టెలు, అదే నడక, కృష్ణా కెనాల్ దగ్గర అదే పడిగాపు. టిక్కెట్టు మాత్రం పదికి బదులు ముప్పై. ఎందుకని అడిగితే ఆ ఫిబ్రవరిలో రైల్వేవారు ఒక కారణం చెప్పారు. తప్పించుకోగల ప్రయాణాలను నిరుత్సాహపరచటానికి ఛార్జీ కాస్త పెంచారట! మూడింతలు చెయ్యటం "కాస్త" ఎట్లా అయిందో నాకు తెలియదు. ఆ సంగతి అట్లా ఉంచి, "తప్పించుకోగల ప్రయాణం" అన్న మాటను చూడండి. విమానం ఎక్కేవాణ్ణి నీ ప్రయాణం అవసరమా అని ఛార్జీ పెంచి ఎవరూ పరీక్షించలేదు. పదిరూపాయల మనిషికే ఆ పరీక్ష. సీజను టిక్కెట్టు ఉన్నవాడికి కొంత నయమే. కాని నెల డబ్బు ఒక్కసారి తియ్యలేక ఏరోజుకారోజు టిక్కెట్టు కొనేవాళ్ళుంటారు. పూలావిడ అట్లాంటిది. రాకపోకలకు ఇరవై పోయేచోట అరవై పోతే, ఆ నలభై పూల ధరలో కలుపుకోవటానికి బేరగాడు ఒప్పుకోడు.

2021 నవంబరులో ఎక్స్‌ప్రెస్ బళ్ళకు స్పెషల్ అన్న పేరు తీసి పాత ఛార్జీలు పెట్టారు. ప్యాసింజరు బండికి పాత ఛార్జీ తిరిగి రావటానికి 2024 ఫిబ్రవరి ఆఖరు కావలసి వచ్చింది. మహమ్మారి పోయింది, టీకాలు వేశారు, ముక్కుగుడ్డలు తీసేశారు, సినిమాహాళ్ళు నిండాయి, ఎన్నికల సభలు జరిగాయి. పల్లెటూరి బండిలో మాత్రం మూడేళ్ళపాటు మహమ్మారి ఛార్జీ నడిచింది. అరవై దాటిన మగవాళ్ళకు నలభై శాతం, యాభైఎనిమిది దాటిన ఆడవాళ్ళకు యాభై శాతం ఉండే రాయితీని 2020 మార్చి 20న ముసలివాళ్ళు ఇల్లు కదలకుండా ఉండటానికని తీశారు. ఆ తరవాత పార్లమెంటులో ఎన్నిసార్లు అడిగినా తిరిగి ఇవ్వలేదు.

రైల్వేకు నష్టం వస్తున్నది గదా అంటారు. ప్రయాణపు ఖర్చులో సగటున 57 శాతమే రాబడుతున్నామని టిక్కెట్టు మీదనే అచ్చువేశారు. టిక్కెట్టు కొన్నవాడి చేతిలో పెట్టే ఎత్తిపొడుపు అది. ఆ మిగిలిన 43 శాతం ఎవరికి చేరుతున్నదో ఎవరూ అచ్చువెయ్యరు. గుమాస్తా పదిరూపాయలకు బెజవాడ చేరగలిగితేనే కొట్టు యజమాని ఆ జీతానికి గుమాస్తాను పెట్టుకోగలడు. బండి నష్టంలో నడుస్తున్నది గుమాస్తా కోసమో యజమాని కోసమో మన ఆర్థికవేత్తలు ఒకసారి లెక్క వేస్తే బాగుంటుంది.

ఇక మన సంగతి. ఆ రోజుల్లో మనం రాసినవి నేను తిరిగి చదివాను. చిలకలు తిరిగి వచ్చాయని రాశాం. ఆకాశం తేటపడిందని రాశాం. నడిచే కూలీ మీద కవిత్వం కూడా రాశాం, కాదనను. అతని పాదాలు మనకు బాగా పనికొచ్చాయి. కాని అతను ఊరు చేరగానే మన కవిత్వం ఆగిపోయింది. రోజూ ముప్పై కిలోమీటర్లు పోయి తిరిగివచ్చేవాడి మీద ఒక్క పేజీ లేదు, ఎందుకంటే అతను నడవలేదు, చావలేదు, వట్టినే పని పోగొట్టుకున్నాడు. నన్ను నేను మినహాయించుకోవటంలేదు. 2020 మేలో నేను తెనాలి స్టేషను నిశ్శబ్దం మీద ఒక వ్యాసం రాశాను. వేపచెట్ల నీడా, ఖాళీ బల్లలూ, పట్టాల మీద ఉడతా అన్నీ ఉన్నాయి అందులో. బాగుందని చాలామంది ఉత్తరాలు రాశారు. ఆ నిశ్శబ్దానికి మా ఎదురుబల్ల గుమాస్తా జీతం ఖర్చయిందన్న సంగతి అందులో లేదు. సభలో మిత్రుడు అన్నమాటకూ నా వ్యాసానికీ నాకిప్పుడు పెద్ద తేడా కనిపించటంలేదు.

ఛార్జీ తగ్గిన తరవాత, 2024 మార్చిలో, నేను పదిరూపాయల టిక్కెట్టు కొని మళ్ళీ మా బండి ఎక్కాను. నిలబడే పోవలసి వచ్చింది. "ఎవరు ప్రయాణం చేస్తున్నారండీ" అన్న ప్రశ్నకు పెట్టెనిండా జవాబు ఉంది. వాళ్ళలో నేనెరిగిన మొహాలు నాలుగు మాత్రమే. పూలావిడ దుగ్గిరాలలో ఎక్కలేదు. గుమాస్తాను ఆ సాయంత్రం తెనాలిలో కలిశాను. ఒక చిన్నకొట్టులో, బెజవాడలో వచ్చేదానికంటే తక్కువకు పనిచేస్తున్నాడు. పాత కొట్టులో అడిగి చూడకూడదా అన్నాను. అడిగాడట. ఆ ఉద్యోగం బెజవాడలోనే గది తీసుకుని ఉండే కుర్రవాడికి ఇచ్చారు. బండిని నమ్ముకుని వచ్చేవాళ్ళను ఇక పెట్టుకోమని యజమాని అన్నాడట.