రేకు నిలిచింది, రాగం దక్కలేదు

తాళ్లపాక వారి పాటలు రాగిరేకులకెక్కి సుమారు 500 ఏళ్లు. అన్నమయ్య (1408-1503) సంకీర్తనలను, వాటితోపాటు తన రచనలను కొడుకు పెదతిరుమలాచార్యుడు రేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోని సంకీర్తన భాండారంలో భద్రం చేయించాడు. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు చెప్పాడని మనుమడు చిన్నన్న రాశాడు. మనకు మిగిలిన రేకులు 2 వేలకు పైచిలుకు, వాటి మీద దొరికిన అన్నమయ్య పాటలు 12 వేలకు పైగా. అప్పటి తాటాకులు ఎన్ని చెదల పాలయ్యాయో ఎవరికీ లెక్క తెలియదు. రాగి మాత్రం అప్పగించిన మాటను అక్షరం చెడకుండా దాచింది.

కానీ అప్పగించింది మాటనే. రేకు మీద పాటకు పైన రాగం పేరు ఉంటుంది, కింద పల్లవీ చరణాలూ ఉంటాయి. స్వరం లేదు. ఎలా పాడాలన్నది పాడేవాళ్ల గొంతులో ఉంది గదా, చెక్కాల్సిన అవసరమేముంది అని ఆనాటివారు అనుకొని ఉండాలి. ఆ గొంతుల వరుస తెగిపోయింది. కొండమలహరి వంటి రాగాలు ఇప్పుడు పేరుకే మిగిలాయి. 1816లో అచ్చయిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణంలో ఈ రేకుల ప్రస్తావన ఉంది, అంటే అవి ఉన్నాయన్న సంగతి కొందరికైనా తెలుసు. అయినా ఇంకో నూరేళ్లు ఆ పాటలను వెలికితీసినవారు లేరు. 1920ల తరువాత సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, ఆయన వెనక వేటూరి ప్రభాకరశాస్త్రి, అనంతపురం సీమ నుంచి వచ్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ పూనుకుంటే పాఠం బయటపడింది. రాళ్లపల్లి స్వయంగా స్వరపరచడం మొదలుపెట్టారు. ఇవాళ మనం వింటున్న అన్నమయ్య బాణీలు దాదాపు అన్నీ 20వ శతాబ్దంలో పుట్టినవే.

ఎంత గట్టి వస్తువు మీద దాచామన్నది ఒక్కటే చూస్తే చాలదని ఈ చరిత్ర చెబుతోంది. ఏం దాచామన్నది చూడాలి. దాచినదాన్ని తీసి చదివే మనిషీ పనిముట్టూ మిగిలి ఉన్నాయా అన్నది కూడా చూడాలి. మన చేతుల్లోని సెల్‌ఫోన్లు, చిప్పులు (మెమరీ కార్డులు), పెన్‌డ్రైవులు ఈ పరీక్షకు నిలవడం లేదన్నది నా వాదన. ఆ ఫోన్లు తయారవుతున్నది కూడా మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే కాబట్టి దీని గురించి మాట్లాడే హక్కు, బాధ్యత అందరికంటే ముందు మనవే.

గడిచిన 60 ఏళ్లలో తిరుపతి పాట ఎన్ని రూపాలు మార్చిందో చూడండి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో శ్రీ వేంకటేశ్వర సుప్రభాతం 1963లో ఎల్పీ రికార్డుగా వచ్చింది. 1980 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానం ఆవిడ చేతనే బాలాజీ పంచరత్నమాల పాడించింది, అది కూడా ఎల్పీలే. 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు ఏర్పడింది. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు వందలాది సంకీర్తనలకు బాణీలు కట్టారు. వాటిని ఊరూరికీ మోసింది క్యాసెట్టు. ఫిలిప్స్ కంపెనీ 1963లోనే దాన్ని తెచ్చినా, మన పల్లెల్లో టేప్‌రికార్డరు ఇంటింటి వస్తువైంది 1980లలో. గ్రామఫోను పెద్దింటి వస్తువు. క్యాసెట్టు కూలిమనిషి కూడా కొనుక్కోగలిగిన వస్తువు. అంతకంటే పెద్ద మార్పు మరొకటుంది. గ్రామఫోను వినిపించడమే చేసేది, టేప్‌రికార్డరు ఎర్ర మీట నొక్కితే రికార్డు కూడా చేసేది. ఆ మీట మన జిల్లాకు ఏం చేసిందో కాస్త వివరంగా చెప్పుకోవాలి.

చిత్తూరు సీమలో ఎండాకాలం వచ్చిందంటే ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం మొదలవుతుంది. చాలాచోట్ల 18 రోజులు. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం, చివరి రోజు నేల మీద మట్టితో చేసిన దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ, సాయంత్రం అగ్నిగుండం. ఎగువన కన్నడం, దిగువన తమిళం ఉన్న మూడు భాషల సరిహద్దు ఇది. ఇక్కడి నాటకం వరుసల్లో ఆ మూడు గాలులూ వీస్తాయి. ఒక ఊరి బృందం పాడినట్టు ఇంకో ఊరి బృందం పాడదు. దీన్ని ఏ ఎల్పీ కంపెనీ పట్టించుకోలేదు. పట్టించుకున్నది టేప్‌రికార్డరు. మైకుసెట్టువాళ్లు, నాటకాలంటే చెవికోసుకొనే రైతులు, ఊళ్లలోని చిన్న క్యాసెట్ల అంగళ్లవాళ్లు హరికథలను, పద్యాలను రికార్డు చేసి పెట్టుకున్నారు. చాలా క్యాసెట్ల మీద బాల్‌పెన్నుతో రాసిన ఊరి పేరు, కథాభాగం పేరు తప్ప మరే గుర్తూ లేదు. ఆ కథకుల్లో ఎంతోమంది ఇప్పుడు లేరు. వాళ్ల గొంతు ఎక్కడైనా మిగిలి ఉందంటే ఆ టేపు మీదనే.

టేపు అంటే ప్లాస్టిక్ పట్టీ మీద జిగురుతో అంటించిన అయస్కాంతపు పొడి. తేమకు జిగురు చెడుతుంది, వేడికి పట్టీ సాగుతుంది, బూజు పడుతుంది. రేకుల షెడ్డులో, అటక మీద 30, 40 ఏళ్లు మన ఎండల్లో పడివున్న టేపు ఇంకెంతకాలం పలుకుతుంది? టేపు బాగున్నా దాన్ని తిప్పే సెట్టు ఉండాలి. హెడ్డు అరిగితే మార్చేవాడు, బెల్టు తెగితే వేసేవాడు ఉండాలి. టేప్‌రికార్డర్లు బాగుచేసిన మెకానిక్కులు సెల్‌ఫోన్లకు మారారు, లేదా పని మానేశారు. పైగా ఈ పనిలో తొందరకు తావు లేదు. 90 నిమిషాల క్యాసెట్టును కంప్యూటరుకు ఎక్కించాలంటే 90 నిమిషాలూ తిప్పాల్సిందే.

తరువాత సీడీ వచ్చింది, దాని వెంటనే ఎంపీత్రీ వచ్చింది. ఎంపీత్రీ గొప్పతనమూ లోపమూ ఒకే చోట ఉన్నాయి. సీడీలో 4 నిమిషాల పాట 42 మెగాబైట్ల దాకా పడుతుంది. అదే పాట 128 కిలోబిట్ల ఎంపీత్రీగా మారితే 4 మెగాబైట్ల లోపు. ఒక శబ్దం మరుగున పడి మన చెవికి ఆనదని లెక్కగట్టిన మరో శబ్దాన్ని తీసిపారేయడం ద్వారా ఈ పొదుపు సాధ్యమైంది. మాట స్పష్టంగానే ఉంటుంది. తంబుర శ్రుతిలో నిండుదనం పలచబడుతుంది, భజన తాళాల ఝణత్కారం ఇసుక రాలినట్టు వినిపిస్తుంది. వినడానికి ఇది తప్పు కాదు. నాలుగు వేల రూపాయల ఫోనులో వెయ్యి పాటలు పట్టాయంటే ఈ పొదుపు పుణ్యమే. దీన్నే అసలు ప్రతి అనుకొని మూలాన్ని పారేయడం మాత్రం తప్పు. ఒకసారి తీసేసిన శబ్దం మళ్లీ రాదు. ఆ ఎంపీత్రీని వాట్సాప్‌లో వేయడానికి ఇంకోసారి కుదించితే మరికొంత పోతుంది.

సెల్ అంగడి చిప్పు దగ్గర ఇంకో నష్టం జరిగింది. పదిహేనేళ్ల కిందట తిరుపతి బస్టాండు చుట్టుపక్కల గానీ పుత్తూరు, పలమనేరు, మదనపల్లె బజార్లలో గానీ ఏ సెల్ అంగడికి పోయినా మాట ఒకటే: "చిప్పు ఇయ్‌న్నా, ఏం పాటలు ఎక్కించాల?" భక్తి పాటలంటే ఒక ఫోల్డరు, పాతవంటే ఒకటి, భారతం పద్యాలంటే ఇంకొకటి. చదువురాని ముసలమ్మ కూడా కీప్యాడ్ సెట్టులో తనకు కావలసిన హరికథ పెట్టుకొని వినగలిగింది. ఆ అంగళ్లు చేసిన మేలు నేను తక్కువ చేయను, జనం గ్రంథాలయాలు అవే. అయితే ఆ ఫోల్డర్లలో పాట పేరు ట్రాక్ 07 అని ఉండేది. పాడిందెవరు, బాణీ ఎవరిది, ఏ రాగం, ఏ ఊరి కథకుడు, ఏ ఏడు, ఏదీ లేదు. అన్నమయ్య విషయంలో ఇది చిన్న లోపం కాదు. ఒకే సంకీర్తనకు రాళ్లపల్లి ఒక బాణీ, బాలమురళీకృష్ణ ఒక బాణీ, బాలకృష్ణప్రసాద్ ఒక బాణీ కట్టి ఉండవచ్చు. రేకు మీది రాగం ఒకటి, వినిపించే రాగం ఒకటి కావచ్చు. అవేవీ రాసి పెట్టకుండా వదిలేస్తే, రాగం పేరైనా చెక్కించిన పెదతిరుమలాచార్యుడి కంటే మనం వెనకబడ్డట్టే. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. ఫైలు లోపల పాట వివరాలు తెలుగులో రాయడానికి ఇప్పుడు అడ్డేమీ లేదు.

చిప్పు దీర్ఘకాలం దాచే వస్తువు అనుకొనేవారు ఇంకా ఉన్నారు. అది విద్యుదావేశం రూపంలో గుర్తు పెట్టుకుంటుంది. ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా డ్రాయరులో పడేస్తే ఆ ఆవేశం కొంచెం కొంచెంగా జారిపోతుంది. ఇంట్లో రాసుకున్న సీడీ మీది రంగు కూడా వెలుగుకు, వేడికి వెలిసిపోతుంది. రాగిరేకు 400 ఏళ్లు పట్టించుకోకపోయినా ఓర్చుకుంది. డిజిటల్ ప్రతిని అలా వదిలేస్తే పదేళ్లు కూడా ఓర్చుకుంటుందన్న నమ్మకం లేదు. ఎవరో ఒకరు ఏటేటా తీసి చూసి, కొత్తదాంట్లోకి మార్చుతూ ఉండాలి.

ఇప్పుడు అన్నీ నెట్టులో ఉన్నాయి గదా, దాచడమెందుకు అంటున్నారు. ఫ్లిప్‌కార్ట్ 2012లో ఫ్లైట్ పేరుతో పాటల అంగడి పెట్టి 2013లోనే మూసేసింది. అది తాళం లేని ఎంపీత్రీలు అమ్మింది కాబట్టి దించుకున్నవారి పాటలు నేటికీ మోగుతాయి. ఎయిర్‌టెల్ వింక్ మ్యూజిక్ 2024లో మూతపడింది. అక్కడ యాప్‌లో దించుకున్న పాటలు యాప్‌తోనే పోయాయి. 2020 జూన్‌లో టిక్‌టాక్ నిషేధంతో మన పల్లె కళాకారులు పెట్టిన వేల వీడియోలు ఒక్క రాత్రిలో మన కళ్లకు దూరమయ్యాయి. నిషేధం మంచి చెడ్డల సంగతి ఇక్కడ ఎత్తను. ఆ వీడియోల మరో ప్రతి తమ దగ్గర ఉంచుకున్నవారు ఎందరన్నదే నా బాధ. యూట్యూబ్‌లో ఎవరో అభిమాని ఎక్కించిన హరికథ ఆయన ఖాతా ఉన్నంతవరకే.

ఇక ఫోన్ల తయారీ. 2015లో శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ సెల్‌ఫోన్లు తయారుచేయడం మొదలుపెట్టింది. రేణిగుంట విమానాశ్రయం దగ్గరి ఎలక్ట్రానిక్స్ క్లస్టర్లలో డిక్సన్ వచ్చింది, వికృతమాల దగ్గర టీసీఎల్ తెరల ఫ్యాక్టరీకి 2018లో శంకుస్థాపన జరిగింది, మునోత్ సంస్థ లిథియం సెల్‌ల ఉత్పత్తికి 2022లో ప్రయోగాత్మకంగా నాంది పలికింది. కరకంబాడిలో అంతకుముందు నుంచే అమరరాజా బ్యాటరీలు ఉన్నాయి. సత్యవేడు, ఏర్పేడు, శ్రీకాళహస్తి పల్లెల ఆడపిల్లలు బస్సెక్కి పోయి ఈ పనిముట్లను బిగిస్తున్నారు. ఆ జీతాలు ఇళ్లను నిలబెట్టాయి, అది కాదనలేని మేలు. కానీ ఈ చేతులు బిగించే వస్తువు ఎలా ఉండాలన్న నిర్ణయం ఇక్కడ జరగదు. చాలా మోడళ్లలో ఇయర్‌ఫోన్ రంధ్రం పోయింది. చిప్పు పెట్టుకొనే చోటు ఒక్కో మోడల్ నుంచీ మాయమవుతోంది. బ్యాటరీ ఊడదీయడానికి రాదు. అంటే తన పాటలు తన దగ్గరే ఉంచుకొని, నెట్టు లేకుండా, ఎన్నేళ్లయినా వినే వీలు ఫోనులోంచి తగ్గుతూ వస్తోంది. కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో బాగుచేసుకొనే హక్కు మీద కమిటీ వేసింది, పోర్టల్ తెరిచింది. భూములు, రాయితీలు ఇచ్చే రాష్ట్ర ప్రభుత్వం కూడా ఇంకో అడుగు వేయవచ్చు. ఇక్కడ తయారై ఇక్కడ అమ్ముడయ్యే ఫోన్లలో చిప్పుకు చోటు, మార్చగల బ్యాటరీ, విడిభాగాల అందుబాటు కోరడం అత్యాశ కాదు.

దేవస్థానం చేయవలసింది అంతకంటే సులువు. పుస్తకాలను నెట్టులో ఉచితంగా ఇస్తున్న సంస్థ అది. శ్రీ వేంకటేశ్వర రికార్డింగ్ ప్రాజెక్టు చేతిలో ఉన్న మూల టేపులను కుదించని రూపంలో ఎక్కించి, కనీసం మూడు వేర్వేరు ఊళ్లలో ప్రతులు ఉంచి, రేకు మీది రాగం, పాడిన రాగం, బాణీకర్త, గాయకుడు, వాద్యకారులు, తేదీ తెలుగులో జతచేసి, యాప్‌లో వినిపించడంతో ఆగకుండా ఫైలుగా దించుకోనివ్వాలి. చట్టం కూడా కొంత దారి ఇచ్చింది. మన కాపీరైటు చట్టం ప్రకారం శబ్దముద్రణకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లే హక్కు. 1963 నాటి రికార్డులకు ఆ గడువు 2023తో తీరింది. ఏటా ఇంకొన్ని వాటితో చేరతాయి.

భారతం క్యాసెట్లకు ఇలాంటి దిక్కు లేదు. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. మూడు భాషల సరిహద్దులో దాన్ని పెట్టిందే ఇలాంటి పనికోసం. బాగా పలికే క్యాసెట్ డెక్కులు నాలుగు, వాటిని బాగుచేయగల పాత మెకానిక్కులు ఇద్దరు, ప్రతి టేపునూ విని కథకుడి పేరు, ఊరు కనుక్కొని రాసే విద్యార్థులు పదిమంది ఉంటే పని మొదలవుతుంది. క్యాసెట్టు తెచ్చిన ఇంటివాళ్లకు అదే వారం దాని ప్రతిని చిప్పులో వేసి తిరిగి ఇస్తే, నమ్మి ఇంకో పదిమంది తెస్తారు. ధర్మరాజుల గుడి కమిటీలు తలుచుకుంటే ఏ ఊళ్లో ఎవరి అటక మీద ఏ టేపు ఉందో చెప్పగలవు. వచ్చే ఎండాకాలం భారతాలు మొదలయ్యేలోపు పలమనేరు, పుంగనూరు, పూతలపట్టు చుట్టుపక్కల గుళ్లతోనైనా ఈ అడుగు పడాలి. అప్పుడు ఆ 18 రాత్రులూ కొత్తగా రికార్డు చేసే ఏర్పాటు కూడా వాళ్ల చేతికే ఇవ్వవచ్చు.