అక్షరాభ్యాసం చెవితో మొదలు కావాలి

ఈ సంచికకు వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు మా గదిలో వాళ్లంతా పెద్ద పెద్ద విషయాలే ఎన్నుకున్నారు. నేను అఆల మీద రాస్తానంటే నవ్వారు. "ఫిజిక్సు చదివేవాడికి పలకా బలపం గొడవ ఎందుకురా?" అన్నాడొకడు. ఎందుకో చెబుతాను. పాఠకమిత్రులు కాస్త ఓపిక పట్టాలి.

మా అక్క కూతురికి ఎనిమిదేళ్లు. మూడో తరగతి. అఆలు ఒక్క గుక్కలో అప్పజెబుతుంది. 'క'కు దీర్ఘమిస్తే 'కా', గుడిస్తే 'కి' అంటూ గుణింతం పాటలాగా పాడుతుంది. పోయిన సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు, పుస్తకంలో 'కొడవలి' అన్న మాట మీద వేలు పెట్టి చదవమన్నాను. తల వంచుకుంది. పోనీ మొదటి అక్షరం ఒక్కటీ చెప్పమన్నాను. లోలోపల క, కా, కి, కీ అంటూ మొదట్నించీ అందుకుంది. మధ్యలో లెక్క తప్పింది. మళ్లీ మొదలెట్టింది. ఈ అవస్థపడి 'కొ' దాకా వచ్చేసరికి వెనకనున్న 'డవలి' సంగతి ఎవరికి గుర్తుంటుంది? "దీని బుర్రకు చదువెక్కదు" అని బళ్లో అనేశారట. మా బావ ఆ మాట నమ్మాడు. చదువు రానిదానికి బడెందుకు, ఒక కూలి అయినా కలిసొస్తుందని, బడి వున్న రోజుల్లో కూడా మిరపకోతకు వెంటబెట్టుకు పోవడం మొదలెట్టాడు. మా బావ చెడ్డవాడు కాడు. పంట మీద అప్పు వున్నవాడు.

ఆ మర్నాడు కల్లంలో ఆడవాళ్లు తాలుకాయలు ఏరుతున్నారు. పిల్లలు ఓ పక్కన కూచుని, పెద్దవాళ్లకు తెలియకూడదని 'క భాష'లో మాట్లాడుకుంటున్నారు. మనమందరం చిన్నప్పుడు ఆడినదే. మాటలోని ప్రతి ముక్కకూ ముందు ఒక 'క' తగిలించాలి. మిరప అనాలంటే 'కమికరకప'. అందరిలోకీ వేగంగా మాట్లాడుతున్నది మా మేనకోడలే! నేను కాయలు ఏరడం ఆపేసి వింటూ వుండిపోయాను. బుర్ర లేదన్న పిల్ల ప్రతి మాటనూ అక్షరాలుగా కోసి, మధ్యమధ్య 'క' పెట్టి, మళ్లీ కుట్టేస్తున్నది. "అమ్మ రా" అనడానికి "కఅకమ్మ కరా" అంటున్నది. 'మ్మ'ను రెండు ముక్కలు చెయ్యకూడదని దానికెవరు చెప్పారు? అదే పిల్ల పలక మీద 'అమమ' అని రాస్తుంది!

నాకు తోచిందేమిటంటే, ఈ పిల్లకు చదువు చెవిలో వున్నది, కంటికి రాలేదు. చెవికీ కంటికీ మధ్య వంతెన వెయ్యకుండానే మనం అక్షరమాల మొత్తం దాని నెత్తిన పెట్టాం. అక్షరమంటే ఒక శబ్దానికి వేసిన బొమ్మ. శబ్దం తెలియని బొమ్మ పిల్లకేం చెబుతుంది? మాటను ముక్కలుగా వినడం ముందు రావాలి, ఆ ముక్కకు గుర్తు తర్వాత రావాలి.

గుణింతం పనికిరాదని నేననను. అంత చక్కని ఏర్పాటు మరోటి లేదు. ఒక హల్లుకు గుర్తు మారుస్తూ పోతే శబ్దం ఎలా మారుతుందో వరసలో చూపిస్తుంది. కాని దాన్ని పాట చేసి పాడించడంతోనే పని అయిపోయిందనుకుంటున్నాం. కొమ్ము, కొమ్ముదీర్ఘం అని పేర్లు వల్లించడం వేరు, 'మెడ'కూ 'మేడ'కూ తేడా చెవితో పట్టి 'మే' దగ్గర గొంతు సాగదీసి, అప్పుడు ఏత్వం పెట్టడం వేరు. వరస తప్పించి అడగండి, 'పూ' ఏది, 'పొ' ఏది అని. అప్పుడు తెలుస్తుంది పాటెంతో చదువెంతో.

ఒత్తుల దగ్గర మరీ కష్టం. 'ఎద్దు' రాయమంటే 'ఎదు' అని రాసింది. తప్పని ఎర్ర సిరాతో కొట్టెయ్యడం సులువే. దాని చేత రెండూ పలికించాను. 'ఎద్దు' అన్నప్పుడు నాలుక ఒక్క క్షణం పళ్ల దగ్గర ఆగుతుంది. "ఆగింది మామయ్యా!" అన్నది తనే. ఆగినచోట ఒత్తు పెట్టమన్నాను. అయితే తలనొప్పులు తీరలేదు. ద ఒత్తు చూస్తే 'ద' పోలిక వుంటుంది గాని త, న, మ, య, ర, ల ఒత్తులకు వాటి అక్షరాల పోలికే వుండదు. ఈ ఆరింటినీ విడిగా, నిదానంగా నేర్పాలి. అన్నీ ఒక్క వారంలో దులిపేస్తే పిల్ల దడుచుకోక ఏం చేస్తుంది?

మరో మాట. గోడ మీది పటంలో 56 అక్షరాలు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సంస్కృతానికి 50, ప్రాకృతానికి 40, తెలుగుకు 36 వర్ణాలని లెక్క చెప్పాడు. అయిదేళ్ల పిల్లకు 'ఌ'తోనూ, 'ఙ'తోనూ మొదటి సంవత్సరమే ఏం పని? వాటిని తీసెయ్యమనడం లేదు, తర్వాత చెప్పమంటున్నాను. ముందు అది రోజూ అనే మాటలు రానివ్వండి. పలక, ఈక, మేక, కాకి, పాప. 'పలక' తిరగేస్తే 'కలప' అవుతుందని తెలిసిన రోజున ఆ పిల్ల ఇల్లంతా గంతులేసింది.

ఇప్పుడు పల్లెల దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. కావాలని అడిగినవాళ్లలో మా ఇంటివాళ్లూ వున్నారు, తప్పు పట్టను. కాని "సీ, ఏ, టీ కలిస్తే సీయేటీ అవ్వాలి గాని క్యాట్ ఎట్లా అయింది మామయ్యా?" అని అది అడిగితే నాకు వెంటనే జవాబు తోచలేదు. న్యాయమైన ప్రశ్న కదా! మన 'క' పేరూ 'క'నే, పలుకూ 'క'నే. ఇంగ్లీషులో అక్షరం పేరొకటి, పలుకొకటి. మా లాబరేటరీలో సీసా మీది చీటీ వల్లించినంత మాత్రాన లోపలి సరుకు గుణం తెలియదు గదా. బ్యాట్, బాల్, బస్ మూడూ పెదవులు కలిపి ఒకేలా మొదలవుతున్నాయని ముందు వినిపించి, ఆ తర్వాత 'బి' చూపించాలి. అక్కడా చెవే ముందు.

ఇది మా ఒక్క ఇంటి గోల అనుకోకండి. 2024 అసర్ సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు నూటికి 27 మంది. తక్కిన 73 మందికీ బుర్ర లేదందామా?

అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం మా అమ్మ. "పిల్లకు సాయంత్రం పూట నువ్వు చెప్పమ్మా" అంటే, "నేను వేలిముద్ర దాన్ని, నాకేం తెలుసురా" అన్నది. పల్లెల్లో తల్లులందరూ అనే మాటే ఇది. ఈ మాట దగ్గరే మనం ఓడిపోతున్నాం. మాటను ముక్కలు చెయ్యడానికి సంతకం రానక్కర్లేదు. 'మి'తో మొదలయ్యే మాట చెప్పవే అనడానికి, 'గొడ్డలి'లో ఎన్ని ముక్కలే అని చప్పట్లు కొట్టించడానికి చదువుకున్న తల్లే కావాలా? రెండు రోజులు చూపించాను. మూడో రోజు అమ్మే పొయ్యి దగ్గర కూచుని "అయిదు ముక్కల మాట చెప్పు చూద్దాం" అంటున్నది. "మిరపకాయ" అన్నది పిల్ల. "అది పొద్దున చెప్పావు, ఇంకోటి" అన్నది అమ్మ.

సెలవులయ్యాక నేను హాస్టలుకు వచ్చేశాను. బావతో గట్టిగానే మాట్లాడాను. వారంలో ఆరు రోజులూ బడికి పంపుతానని ఒప్పుకున్నాడు గాని, కోతల రోజుల్లో ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో చూడాలి. మొన్న అక్క ఫోన్లో పిల్ల రాసిన కాగితం ఫొటో తీసి పంపింది. 'రాత్రి'లో క్రావడి మరిచిపోయి 'రాతి' అని రాసింది. 'అమ్మమ్మ' మాత్రం రెండు ఒత్తులతో సరిగ్గా వున్నది.