దిగులు ఏ శాఖ పద్దు?

విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన తీర్పు తెలుగు నేలకు సంబంధించిన కేసులోనే వచ్చింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణంపై ఆమె తండ్రి సాగించిన న్యాయపోరాటం దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలను తెచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించుకోవాలి. చిన్న సంస్థలు బయటి నిపుణులతో ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఎప్పుడో రావాల్సిన ఆదేశం ఇది. కాకపోతే దాని పరిధి విద్యాసంస్థ గేటు దగ్గర ఆగిపోతుంది. తెలంగాణలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో అసలు చిక్కు ఆ గేటు బయట మొదలవుతుంది. బడి మానేసి సీడ్ పత్తి చేలలో క్రాసింగ్ పనికి పోయే అమ్మాయికి, తల్లిదండ్రులు పుణేలో మట్టిపనికి పోతే జేజి దగ్గర మిగిలిపోయిన పిల్లాడికి, ఇంటర్ తప్పి ఏ జాబితాలోనూ లేని యువకుడికి ఆ కౌన్సెలర్ అందడు. వీళ్లను చేరుకోవడం ఒక శాఖతో అయ్యే పని కాదు. మండల స్థాయిలో మహిళా సమాఖ్య, బడి, ఆస్పత్రి, వ్యవసాయ శాఖ, పంచాయతీ కలిసి బాధ్యత పంచుకునే కూటమి కావాలి. అది కూడా సభలు పెట్టే కూటమిగా కాక, పని అప్పజెప్పించుకుని జవాబు చెప్పే కూటమిగా ఉండాలి.

ముందు లెక్కలు చూద్దాం. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది బలవన్మరణం పాలయ్యారు. వారిలో విద్యార్థులు 13,044 మంది. పరీక్ష తప్పడమే కారణమని నమోదైన మరణాలు 2,248. పరీక్షలతో ముడిపడినవన్నీ విద్యార్థుల మరణాలే అనుకున్నా, అవి మొత్తం విద్యార్థుల మరణాల్లో ఆరింట ఒక వంతుకు కాస్త మించుతాయి, అంతే. మొత్తం మరణాల్లో అన్నిటికంటే ఎక్కువగా, 31.7 శాతం, కుటుంబ సమస్యల కింద నమోదయ్యాయి. పోలీసులు ఒక్కో మరణానికి ఒక్కో కారణం రాస్తారు, మనిషిని కుంగదీసేవి మాత్రం ఎప్పుడూ నాలుగైదు కలిసే ఉంటాయి. కాబట్టి ఈ లెక్కను అక్షరాలా నమ్మనక్కర్లేదు. అయినా అది చూపే దిశ స్పష్టం. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల గందరగోళం, ఆ వెంటనే జరిగిన విద్యార్థుల మరణాలు తెలంగాణను కుదిపేసినప్పుడు చర్చ అంతా ఫలితాలు తయారుచేసిన సాఫ్ట్‌వేర్ సంస్థ చుట్టూ, పేపర్లు దిద్దిన తీరు చుట్టూ తిరిగింది. ఆ నిలదీత న్యాయమైనదే. కానీ ఫలితం చూసుకున్న పిల్ల ఇంటికి వచ్చాక ఆ ఇంట్లో ఎవరున్నారు, ఏ స్థితిలో ఉన్నారు అన్న ప్రశ్న దాకా ఆ చర్చ రాలేదు.

ఈ మూడు జిల్లాల్లో ఆ ఇల్లు ఎలా ఉంటుందో పాలమూరు చరిత్రే చెబుతుంది. 2016 అక్టోబరులో ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) నుంచి విడివడిన ఈ జిల్లాలకు వలస పాత వారసత్వం. జూరాల ప్రాజెక్టు, నెట్టెంపాడు, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చాక వలస తగ్గింది కానీ ఆగలేదు. 2011 జనగణనలో గద్వాల ప్రాంతపు అక్షరాస్యత 50 శాతానికి కూడా చేరలేదు, రాష్ట్రంలోకెల్లా అడుగున నిలిచింది. ఇక్కడి సీడ్ పత్తి సాగులో కంపెనీకి, రైతుకు మధ్య ఆర్గనైజర్ ఉంటాడు. పెట్టుబడి అతనే ఇస్తాడు, వడ్డీ అతనే వేస్తాడు. విత్తన స్వచ్ఛతను తేల్చే జీఓటీ పరీక్షలో విత్తనం ఫెయిలైందంటే ఏడాది కష్టం అప్పుగా మారి ఇంటికొస్తుంది. అమ్రాబాద్ వైపు నల్లమల చెంచు గూడేల్లో కష్టం మరో తీరు. ఊళ్లలో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు ఇంకో తీరు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే కల్లు అందక మతి తప్పినవారితో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం నిండింది. అలవాటు ఎంత లోతుకు పోయిందో అప్పుడే బయటపడింది. ఇందులో అప్పు వ్యవసాయ శాఖది, కల్లు ఎక్సైజ్‌ది, బడి మానడం విద్యాశాఖది, బాల్యవివాహం మహిళా శిశు సంక్షేమ శాఖది. ఇవన్నీ కలిసి ఒకే పదహారేళ్ల పిల్ల మీద పడినప్పుడు ఆమె దిగులు ఏ రిజిస్టర్‌లోనూ కనిపించదు.

కూటమి అనే ఆలోచన ఊహాగానం కాదు. అమెరికాలో ఏడు రాష్ట్రాల్లోని 24 చిన్న పట్టణాల్లో 2003లో మొదలైన 'కమ్యూనిటీస్ దట్ కేర్' పరిశోధన దీన్ని పరీక్షించింది. సగం పట్టణాల్లో బడి, పోలీసు, వైద్యం, తల్లిదండ్రులు ఒక కూటమిగా ఏర్పడి, తమ ఊరి పిల్లల సమాచారం చూసుకుని, రెండు మూడు ప్రమాద కారణాలను ఎంచుకుని, ఫలితం రుజువైన కార్యక్రమాలనే అమలు చేశాయి. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఆ పట్టణాల పిల్లల్లో మద్యం, పొగాకు మొదలుపెట్టినవారు తగ్గారు, చిల్లర నేరాలూ తగ్గాయి. ఆ ప్రయోగం గురిపెట్టింది ప్రధానంగా వ్యసనాలు, నేరప్రవృత్తి మీద. మానసిక కుంగుబాటు మీద కూడా అంతే ఫలితం వస్తుందని దాన్ని చూపి చెప్పలేం. అయితే అంతదూరం పోకుండానే మనకు మరో నమూనా ఉంది. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి.ఫౌండేషన్ పిల్లలను పని నుంచి బడికి తెచ్చింది. యువకులు, టీచర్లు, పంచాయతీ పెద్దలు, చివరికి పిల్లలతో పని చేయించుకున్న యజమానులు కూడా బాలల హక్కుల పరిరక్షణ వేదికల్లో చేరారు. పనిలో ఉన్న ప్రతి పిల్లా బడికి రావాలన్న ఒకే లక్ష్యం, ఊరందరికీ తెలిసిన ఒకే కొలత ఆ పనికి బలం.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. ఊళ్లో కమిటీలకేం తక్కువ? బాలల పరిరక్షణకు ఒకటి, పారిశుద్ధ్యానికి ఒకటి, బడికి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ఒకటి. చాలాచోట్ల వీటి పని సంతకాల పుస్తకంతో సరి. ఈ విమర్శ నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే ఊరూరా ఇంకో కమిటీ వద్దు. మండలానికి ఒక కూటమి, దానికి జీతమిచ్చి పెట్టుకున్న ఒక సమన్వయకర్త చాలు. మూడు జిల్లాల్లో కలిపి మండలాలు యాభైకి లోపే. జిల్లా కేంద్రం కూలీ కుటుంబానికి దూరం, ఊరేమో గుట్టు దాచలేనంత దగ్గర. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, కస్తూర్బా విద్యాలయం, పోలీస్ స్టేషన్, మండల మహిళా సమాఖ్య ఒకదానికొకటి అందుబాటులో ఉండేది మండలంలోనే. కూటమికి ఆధారం మండల సమాఖ్య కావడం మంచిది. ఏ ఇంట్లో వాయిదా తప్పింది, ఏ ఇల్లు తాళం పడింది అన్నది మహిళా సంఘం లీడర్‌కు తెలిసినంతగా ఏ అధికారికీ తెలియదు. ఎంపీడీవోలు, ఎంఈవోలు బదిలీ అవుతారు, సమాఖ్య ఎక్కడికీ పోదు.

మనసుకు సంబంధించిన పని నిపుణులదే, సంఘాల మహిళలకు, ఊరి యువతకు అప్పగించడం ప్రమాదం అన్నది రెండో అభ్యంతరం. తీవ్రమైన జబ్బు విషయంలో అది నిజమే. కానీ 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మంది చికిత్స అందకుండానే ఉన్నారు. నిపుణుల కోసమే కూర్చుంటే ఆ ఖాళీ నిండదు. బిహార్‌లోని నలందా జిల్లాలో 70కి పైగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో జరిగి 2018లో లాన్సెట్‌లో వెలువడిన 'సెహర్' అధ్యయనం ఇందుకు మంచి సాక్ష్యం. శిక్షణ పొందిన మామూలు యువతీ యువకులు బడిలో పూర్తికాలం పనిచేసినచోట పిల్లల్లో కుంగుబాటు, వేధింపులు, హింస తగ్గాయి. అదే కార్యక్రమాన్ని టీచర్లకు అదనపు పనిగా అప్పగించినచోట ఫలితం రాలేదు. డిగ్రీ లేకపోవడం అక్కడ అడ్డు కాలేదు, తీరిక లేకపోవడం అడ్డయింది. ఆశా కార్యకర్త నెత్తిన, అంగన్‌వాడీ టీచర్ నెత్తిన ఇంకో రిజిస్టర్ పెట్టి చేతులు దులుపుకునే అధికారులు చదవాల్సిన పాఠం ఇది. నిపుణుల అండ కూడా ఇప్పుడు కొత్తగా దగ్గరికొచ్చింది. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వైద్య కళాశాల అన్నాక మానసిక వైద్య విభాగం ఉండి తీరాలి. వైద్య విద్యార్థులు పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకోవాలన్న జాతీయ వైద్య కమిషన్ నిబంధన కూడా ఉంది. వారానికో రోజు ఒక డాక్టర్ మండలానికి రావడం, కూటమి పంపినవారిని కళాశాల ఆస్పత్రి వరుసలో నిలబెట్టకుండా చూడటం అనే రెండు ఏర్పాట్లు చేస్తే ఆ అండ కాగితం దాటి మనిషికి అందుతుంది.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. అప్పులో ఉన్న ఇంటికి, వలసలో చీలిన ఇంటికి కావాల్సింది డబ్బు, న్యాయమైన ధర. ఓదార్పు మాటలతో ఏం ఒరుగుతుంది? 'కుటుంబం నిబ్బరంగా ఉండాలి' అని చెప్పడం ప్రభుత్వం తన బరువును పేదవాడి భుజానికి ఎత్తడమే కదా? ఈ వాదనకు ఆధారాలూ ఉన్నాయి. ఇండోనేషియాలో పేద కుటుంబాలకు నగదు సాయం అందిన ప్రాంతాల్లో బలవన్మరణాల రేటు దాదాపు 18 శాతం తగ్గిందని ఒక అధ్యయనం తేల్చింది. శ్రీలంకలో అతి ప్రమాదకర పురుగుమందులను దశలవారీగా నిషేధించాక రెండు దశాబ్దాల్లో ఆ మరణాల రేటు 70 శాతానికి పైగా పడిపోయింది. అదే దేశంలో మందులు భద్రపరచుకోమని ఇంటింటికీ తాళం పెట్టెలు పంచిన ప్రయోగం ఫలించలేదు. కుటుంబానికి జాగ్రత్తలు చెప్పడం కంటే విధానం మార్చడమే ప్రాణాలు కాపాడిందన్నమాట. కూటమిలో వ్యవసాయ శాఖ ఉండి తీరాలన్నది అందుకే. వికారాబాద్‌లో 2017లో మొదలైన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ ఈ దారి చూపింది. ఫోన్ చేసిన రైతు గోడు విని ఊరుకోకుండా, అతని భూమి కాగితం, రుణం, పరిహారం సమస్యను సంబంధిత శాఖకు పంపి వెంటపడటం దాని పద్ధతి. గద్వాల కూటమి ముందుకు వచ్చే కుర్రాడి దిగులులో సగం ఆర్గనైజర్ లెక్కల పుస్తకంలో ఉంటే, ఆ పుస్తకాన్ని కలెక్టర్ ముందు తెరిపించడం కూడా మానసిక ఆరోగ్య సేవే. మాట, మందు, హక్కు మూడూ ఒకే చోట దొరకాలి. ఒక్కటి తగ్గినా మిగతా రెండూ కుంటుపడతాయి.

ఇక గుట్టు సంగతి. ఊళ్లో పదిమంది చేరి పిల్లల బాగోగులు చూస్తామంటే అది నిఘాగా మారే ప్రమాదం కొట్టిపారేయలేనిది. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, వేరే కులం అబ్బాయితో మాట్లాడిందన్న కబురే ఆమె పాలిట శిక్ష అయ్యే చోట, పెద్దమనుషుల పంచాయతీకి మానసిక ఆరోగ్యం అనే కొత్త పేరు పెట్టి అధికారం ఇవ్వకూడదు. కూటమి సమావేశంలో పేర్లు చర్చకు రాకూడదు, అంకెలు, అడ్డంకులు మాత్రమే రావాలి. వ్యక్తి వివరాలు సమన్వయకర్తకు, వైద్యుడికి తప్ప మరొకరికి తెలియకూడదు. కుల పెద్దలకు, పార్టీ నాయకులకు అందులో కుర్చీ వేయకూడదు. ప్రాణాపాయం ఉన్నప్పుడు తప్ప ఆ పిల్ల సమ్మతి లేకుండా ఇంటివారికి కూడా కబురు పోకూడదు. కేసు అవుతుందన్న భయంతో కుటుంబాలు విషయం దాచడం మరో అడ్డంకి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ప్రాణం తీసుకోబోయిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, సంరక్షణ కల్పించాలి. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ కొత్త భారతీయ న్యాయ సంహితలో లేనే లేదు. ఈ సంగతి ఊళ్లకు, ఠాణాలకు తెలియజెప్పడం కూటమి తొలి పనుల్లో ఒకటి కావాలి. రాత్రీ పగలూ ఉచితంగా పలికే టెలీ మానస్ నంబరు 14416 ప్రతి బడి గోడ మీద, ప్రతి సంఘం పుస్తకం మీద ఉండాలి.

ఖర్చు పెద్దదేమీ కాదు. మండలానికి ఒక సమన్వయకర్త, ఇద్దరు ముగ్గురు శిక్షణ పొందిన స్థానిక యువతులు, యువకులు, వారానికోసారి డాక్టర్ ప్రయాణం, అంతే. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996 నుంచీ ఉంది, దాని నిధులకు ఇంతకన్నా తగిన పని లేదు. మూడు జిల్లాల కలెక్టర్లు ముందుగా తలో మండలాన్ని ఎంచుకోవచ్చు. గద్వాలలో సీడ్ పత్తి మండలం, వనపర్తిలో వలస మండలం, నాగర్‌కర్నూల్‌లో చెంచు గూడేల మండలం తీసుకుంటే మూడు రకాల కష్టాలకూ ఈ పద్ధతి తట్టుకుంటుందో లేదో తేలుతుంది. రెండేళ్ల తర్వాత ఎన్ని సభలు జరిగాయో, ఎన్ని కరపత్రాలు పంచారో లెక్క చెబితే ఒప్పుకోవద్దు. కష్టంలో ఉన్నారని గుర్తించినవారిలో ఎందరు వారం లోపు డాక్టర్‌ను కలిశారు, ఎందరు మూడో నెలలోనూ చికిత్సలో ఉన్నారు, ఎన్ని కుటుంబాల అప్పు, పరిహారం, పింఛను చిక్కులు తీరాయి, బడి మానిన పిల్లల్లో ఎందరు తిరిగొచ్చారు అన్న నాలుగు అంకెలే జిల్లా సమీక్షలో కలెక్టర్ ముందుండాలి. అవి మెరుగుపడితే మిగతా మండలాలకు విస్తరించాలి, మెరుగుపడకపోతే పద్ధతి మార్చాలి. ఏ శాఖ పద్దులోనూ లేని ఈ దిగులుకు ఒక యజమానిని, ఒక గడువును, ఒక కొలతను ఇవ్వడం ప్రభుత్వం ఈ ఏడాదే చేయగలిగిన పని.