టీవీ కొంటున్నారా? ముందు నిట్స్ ఎంతో అడగండి

30 వేల లోపు 43 అంగుళాల టీవీ కోసం వెతికితే దాదాపు ప్రతి మోడల్ మీదా ఒకటే బ్యానర్ కనిపిస్తుంది: 4కే హెచ్‌డీఆర్. అందరి దగ్గరా అదే ఉన్నప్పుడు అది చూసి టీవీని ఎంచుకోవడం ఎలా? ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్, సెన్సర్ సైజ్ దాకా ఆరా తీసే మనమే, ఎనిమిది పదేళ్లు ఇంట్లో ఉండే టీవీని మాత్రం ఒక స్టిక్కర్ చూసి తెచ్చేసుకుంటున్నాం.

రిజల్యూషన్ సంగతి ముందు తేల్చేద్దాం. ఫుల్ హెచ్‌డీ అంటే 1920 x 1080, సుమారు 20 లక్షల పిక్సెల్స్. 4కే అంటే 3840 x 2160, సుమారు 83 లక్షలు. నాలుగు రెట్లు, నిజమే. కానీ మామూలు కంటిచూపు ఉన్నవాళ్లు 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీలో పిక్సెల్స్‌ని విడివిడిగా గుర్తుపట్టాలంటే దాదాపు ఐదున్నర అడుగుల లోపు కూర్చోవాలి. 55 అంగుళాలకైతే ఏడడుగులు. మన హాల్లో సోఫా ఎంత దూరంలో ఉందో ఒకసారి టేప్ పెట్టి కొలవండి. పైగా మనం చూసే కంటెంట్‌లో 4కే ఎంత? సెటాప్ బాక్స్‌లో వచ్చే హెచ్‌డీ ఛానెళ్లు ఎక్కువగా 1080ఐ. నెట్‌ఫ్లిక్స్‌లో 4కే కావాలంటే ప్రీమియం ప్లాన్ ఉండాల్సిందే. 4కే తీసుకోవద్దని కాదు, ఇప్పుడు ఎలాగూ అదే వస్తోంది. దానికోసం ప్రత్యేకంగా ఎక్కువ డబ్బులు పెట్టొద్దంటున్నా.

అసలు మోసం హెచ్‌డీఆర్ దగ్గర జరుగుతోంది. హెచ్‌డీఆర్ సపోర్ట్ అని రాస్తే, ఆ సిగ్నల్‌ని టీవీ తీసుకోగలదని మాత్రమే అర్థం. దాన్ని సరిగా చూపించగలదా లేదా అన్నది వేరే సంగతి. హెచ్‌డీఆర్ కంటెంట్‌ని చాలావరకు 1000 నిట్స్ బ్రైట్‌నెస్ లెక్కలో తయారుచేస్తారు. బడ్జెట్ టీవీల్లో చాలావాటికి 250, 300 నిట్స్ దాటడమే గగనం. 1000 నిట్స్ కోసం చేసిన సీన్‌ని 300లో ఇరికించాలంటే మొత్తం పిక్చర్‌ని కిందికి దించాలి. "కొత్త టీవీలో సినిమా పెడితే చీకటిగా వస్తోంది బ్రో" అనే కంప్లయింట్‌కి చాలాసార్లు కారణం ఇదే. డాల్బీ విజన్ లోగో ఉన్నా బ్యాక్‌లైట్‌కి కొత్తగా బలం రాదు.

బ్రైట్‌నెస్ తర్వాత నలుపు. ట్రిపుల్ఆర్‌లో ఎన్టీఆర్ జంతువులతో కలిసి దూకే రాత్రి సీన్ పెట్టి చూడండి. ఆకాశం నల్లగా ఉండి మంటలు మాత్రమే మెరవాలి. ఆకాశం బూడిద రంగులో కనిపిస్తే కాంట్రాస్ట్ లేదన్నమాట. ఐపీఎస్ ప్యానెల్స్‌లో కాంట్రాస్ట్ సుమారు 1000:1 దగ్గర ఉంటే, వీఏ ప్యానెల్స్‌లో 3000:1 పైనే ఉంటుంది. కాకపోతే వీఏ టీవీని పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. దివాన్ మీద ఒకరు, కింద ఇద్దరు, కిచెన్ గుమ్మం దగ్గర అమ్మ, ఇలా చూసే ఇల్లయితే ఐపీఎస్ మేలు. ఎదురుగా కూర్చుని సినిమాలు చూసేవాళ్లు కళ్లు మూసుకుని వీఏ తీసుకోవచ్చు.

క్యూఎల్ఈడీ అన్న పేరు చూసి ఓఎల్ఈడీకి తమ్ముడనుకోకండి. అది క్వాంటమ్ డాట్ పొర వేసిన ఎల్‌సీడీ. రంగులు బాగుంటాయి, కానీ వెనక బ్యాక్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది. ఓఎల్ఈడీలో ఏ పిక్సెల్‌కి ఆ పిక్సెలే ఆరిపోతుంది. ఎల్‌సీడీల్లో దానికి కొంత దగ్గరగా రావాలంటే ఫుల్ అరే లోకల్ డిమ్మింగ్ ఉండాలి. షాపులో "డైరెక్ట్ ఎల్ఈడీ సార్, రెండూ ఒకటే" అంటారు. ఒకటి కాదు. డైరెక్ట్ ఎల్ఈడీ అంటే లైట్లు స్క్రీన్ వెనక ఉన్నాయని మాత్రమే. విడివిడిగా డిమ్ అవుతాయా, ఎన్ని జోన్లు అని అడగండి. జవాబు రాకపోతే లేవనే అనుకోండి.

నా ఓటు ఎప్పుడూ చిన్న సైజ్‌లో మంచి ప్యానెల్‌కే. అదే ధరకి పన్నెండు అంగుళాలు పెద్ద టీవీ ఇస్తున్నారంటే కోత ఎక్కడో పడింది. అది సాధారణంగా బ్యాక్‌లైట్‌లోనే పడుతుంది, ఎందుకంటే స్పెక్ షీట్‌లో నిట్స్ రాయకపోయినా అడిగేవాడు లేడు.

షోరూమ్‌కి వెళ్తే అక్కడ తిరిగే డెమో వీడియో చూసి మురిసిపోవద్దు. మెరిసే పండ్లు, రంగు చిలుకలు, పైన వివిడ్ మోడ్. అలా పెడితే ఏ టీవీ అయినా బాగానే కనిపిస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఒక 1080పీ సినిమా రాత్రి సీన్, ఒక క్రికెట్ క్లిప్ వేసుకెళ్లండి. సినిమా మోడ్ గానీ ఫిల్మ్‌మేకర్ మోడ్ గానీ పెట్టించండి. క్రికెట్‌లో కెమెరా గ్రౌండ్ మీద అటూ ఇటూ తిరిగేటప్పుడు పచ్చిక మీద మురికి మచ్చల్లా కదిలితే బ్యాక్‌లైట్ సమానంగా లేదని గుర్తు. ఇంటికొచ్చాక పవర్ సేవింగ్ ఆపేయండి, మోషన్ స్మూతింగ్ కూడా. అది ఆన్‌లో ఉంటే 24 ఫ్రేముల సినిమా కూడా డైలీ సీరియల్‌లా కనిపిస్తుంది.