కూర్చున్నచోటే కాసులు: సర్వేల మాట నమ్మవచ్చా?

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో నగ కొనేవారు గీటురాయి మీద గీయించో, హాల్‌మార్కు ముద్ర చూసుకునో గాని డబ్బు బయటికి తీయరు. పులివెందుల వైపు చీనీ తోట అమ్మే రైతు టన్నుకు ఎంత సూటు తీస్తారో ముందే తేల్చుకోనిదే కాయ మీద చెయ్యి వేయనివ్వడు. జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ వేసే రైతు విత్తనం మూట విప్పి నాలుగు గింజలు చేతిలోకి తీసుకోనిదే బేరం మాట ఎత్తడు. ఇంత జాగ్రత్త తెలిసిన ప్రాంతంలో కూడా, ముఖం తెలియని, ఊరు తెలియని, చెప్పిన పేరు నిజమో కాదో తెలియని మనిషి సెల్‌ఫోనుకు పంపిన ఒక్క సందేశానికి వేలకు వేలు పంపేవారు లేకపోలేదు. “ఇంట్లో కూర్చుని సర్వేలు నింపండి, రోజుకు 2 వేలు సంపాదించండి” అన్నది ఆ సందేశం.

డిగ్రీలు, ఇంజనీరింగు చదివి ఇంటిపట్టున వున్న యువతీ యువకులు, ఇల్లు కదిలే వీలు లేని గృహిణులు, కౌలు కట్టి చేతులు కాల్చుకున్న చిన్న రైతులు ఈ సందేశాన్ని తేలిగ్గా తీసివేయలేకపోతున్నారు. ఇది నిజమా, మోసమా అని అడిగితే ఒక్క మాటలో జవాబు లేదు. నిజమైన సర్వేలూ వున్నాయి. అయితే వాటితో పొయ్యి వెలగదు. పొయ్యి వెలిగిస్తామని చెప్పే సర్వేలే ఇల్లు తగలబెడుతున్నాయి.

నిజమైన సర్వే ఎంత ఇస్తుంది?

సబ్బు చేసేవాడూ, స్కూటరు చేసేవాడూ సరకు అంగడికి పంపేముందు జనం మనసు తెలుసుకోవాలనుకోవడం కొత్త విషయమేమీ కాదు. మన దేశంలో 1970 దశకం నుంచే అందుకోసం ఇంటింటికీ మనుషులను పంపిన సంస్థలు వున్నాయి. ఇప్పుడా పని చాలావరకు సెల్‌ఫోను ద్వారా జరుగుతోంది. గూగుల్ సంస్థ 2013లో ప్రారంభించిన ఒపీనియన్ రివార్డ్స్ అలాంటిదే. నాలుగైదు ప్రశ్నలకు జవాబిస్తే కొద్ది రూపాయలు జమ చేస్తారు. ఆండ్రాయిడ్ ఫోనులో అది చేతికి వచ్చే నగదు కాదు, ఆ సంస్థ సొంత దుకాణంలోనే ఖర్చు పెట్టుకోవలసిన జమ. ఆ ప్రశ్నలు కూడా రోజూ రావు. మిగిలిన సంస్థల్లో చాలావాటిది పాయింట్ల లెక్క. పాయింట్లు ఒక మొత్తానికి చేరితే గాని ఏ బహుమతి కూపనో చేతికి రాదు.

దీనిలో మరొక చిక్కు వుంది. సర్వే మొదట్లోనే వయసు, ఊరు, ఇంట్లో కారు వుందా, ఏసీ వుందా, నెలసరి ఆదాయమెంత అని అడుగుతారు. కంపెనీకి కావలసిన కొనుగోలుదారుడు కాకపోతే “మీరు ఈ సర్వేకు అర్హులు కారు” అని తలుపు మూస్తారు. అప్పటిదాకా ఖర్చయిన సమయానికి చాలాచోట్ల కూలి ఇవ్వరు. మైలవరం మండలంలో మగ్గం నేసే కుటుంబానికి కారు గురించి ఏమి అభిప్రాయం వుందో తెలుసుకోవాలని ఏ కంపెనీకీ ఆత్రం లేదు. పల్లె మనిషి అభిప్రాయానికి అంగట్లో ధర లేదన్నది చేదు నిజం. అది కావలసినప్పుడు ఎన్నికల ముందు ఎవరో ఒకరు ఇంటికే వచ్చి ఉచితంగా తీసుకుపోతారు.

ఉపాధి హామీ పనికి మన రాష్ట్రంలో 2025-26 సంవత్సరానికి నిర్ణయించిన రోజు కూలి 307 రూపాయలు. నిజమైన సర్వేలతో రోజూ అంత మొత్తం తెచ్చుకోవడం పల్లెలో వున్న మనిషికి అయ్యే పని కాదు. టీ ఖర్చుకో, ఫోను రీచార్జికో పనికివస్తే అదే ఎక్కువ. తీరిక వేళ కాలక్షేపంగా చేసేవారిని ఎవరూ తప్పు పట్టనక్కరలేదు. దాన్ని ఉద్యోగమని లెక్క వేసుకుంటేనే చిక్కు.

11 వేల పాఠం

ఈ రంగంలో దేశం నేర్చుకున్న పెద్ద పాఠం పేరు స్పీక్ ఏషియా. సింగపూరు సంస్థగా చెప్పుకొని 2010లో ఇక్కడ వ్యాపారం మొదలుపెట్టింది. సభ్యుడు 11 వేల రూపాయలు కట్టాలి. వారానికి రెండు సర్వేలు, ఒక్కొక్కదానికి 500 చొప్పున వారానికి వెయ్యి రూపాయలు. ఏడాదికి 52 వేలు. మరొకరిని చేర్పిస్తే దానిపైన కమీషను వేరే. తొలుత చేరినవారికి డబ్బు వచ్చింది కూడా. ఆ వచ్చిన డబ్బే దానికి ప్రకటన అయింది. ఫలానా వారి బావమరిదికి నెలకు 4 వేలు వస్తున్నాయట అన్న మాట కంటే పెద్ద ప్రకటన మన ఊళ్ళలో ఇంకేముంటుంది?

11 వేలు తీసుకుని 52 వేలు ఇవ్వడానికి ఆ సొమ్ము ఎక్కడిది అని ఆనాడు అడిగినవారు తక్కువ. సర్వేల ఫలితాలు ఏదో ఒక కంపెనీ కొనాలి కదా. పేరున్న కంపెనీలు తమ దగ్గర కొంటున్నాయని ఆ సంస్థ చెప్పుకుంటే, వాటిలో కొన్ని తమకేమీ సంబంధం లేదని తేల్చి చెప్పాయి. 2011 మే నెలకల్లా గుట్టు బయటపడింది. చెల్లింపులు ఆగిపోయాయి. ముంబయి పోలీసులు కేసు పెట్టారు. దేశమంతటా 20 లక్షల మందికి పైగా సభ్యులు చేరారు. వసూలయిన సొమ్ము 2 వేల కోట్ల రూపాయలు దాటింది. తమ సొమ్ము కోసం కొందరు సభ్యులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు.

లెక్క వేసి చూస్తే మర్మం ఇట్టే తెలుస్తుంది. బయటినుంచి రాబడి లేనప్పుడు ఒక సభ్యునికి ఏడాదికి 52 వేలు ఇవ్వాలంటే తలా 11 వేలతో దాదాపు ఐదుగురు కొత్తవారు చేరాలి. ఆ ఐదుగురికి ఇవ్వడానికి 25 మంది, ఆ 25 మందికి 125 మంది. ఏడో మెట్టుకు వచ్చేసరికి 78,125 మంది కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం పులివెందుల పట్టణంలో పసిపిల్లలతో సహా వున్నవారు 66 వేల లోపే. ఆ పై మెట్టుకు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పట్టణాలు రెండూ కలిపినా చాలవు. ఎక్కడో ఒకచోట గొలుసు తెగి తీరుతుంది. తెగినచోట నిలబడి వుండేది ఆఖరున చేరిన పేదవాడే. ఇలాంటి గొలుసుకట్టు డబ్బు పథకాలను నిషేధిస్తూ పార్లమెంటు 1978లోనే చట్టం చేసిన సంగతి చాలామందికి తెలియదు. చేరడం, చేర్పించడం కూడా ఆ చట్టం కింద నేరాలే.

అగ్రిగోల్డ్ సర్వేల వ్యాపారం కాకపోయినా ఇక్కడ దాన్ని తలచుకోక తప్పదు. పలు రాష్ట్రాల్లో కలిపి సుమారు 32 లక్షల మంది డిపాజిటుదారులు చిక్కుకున్నారు. రాష్ట్ర ప్రభుత్వం 2019 నవంబరులో 10 వేల లోపు, 2021 ఆగస్టులో 20 వేల లోపు కట్టినవారికి ఖజానా నుంచి చెల్లించవలసి వచ్చింది. ఆ సంస్థకు కనీసం కార్యాలయాలూ, ఆస్తులూ, తెలిసిన ఏజెంట్లూ వున్నారు. అప్పటికే అన్నేళ్ళు పట్టింది. ఫోనులో కనిపించే సర్వే సంస్థకు తాళం వేయడానికి తలుపే లేదు.

తొలి 200 ఎర

ఇప్పటి మోసం మరింత నేర్పుగా సాగుతోంది. ముందుగా 11 వేలు అడగరు. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో మర్యాదగా పలకరిస్తారు. ఒక హోటలుకు ఐదు నక్షత్రాలు ఇవ్వమంటారు, ఒక వీడియో మెచ్చుకోమంటారు, చిన్న సర్వే నింపమంటారు. చెప్పినట్లే 150 రూపాయలో 200 రూపాయలో ఖాతాలో పడతాయి. తీసుకున్నవారికి నమ్మకం కుదురుతుంది. తర్వాత ఒక బృందంలో చేరుస్తారు. అక్కడ వందమంది తమకు 10 వేలు వచ్చాయి, 50 వేలు వచ్చాయి అని రసీదులు చూపిస్తుంటారు. ఆ వందమందిలో చాలామంది మోసగాళ్ళ మనుషులే.

అటుపైన “ముందు డబ్బు కట్టే పని” మొదలవుతుంది. వెయ్యి కడితే 1,300 తిరిగి వస్తాయి. 5 వేలు కడితే తెర మీద 7 వేలు కనిపిస్తాయి గాని చేతికి రావు. తీసుకోవాలంటే మరో పని పూర్తి చేయాలి, దానికి 20 వేలు కట్టాలి. అది కడితే పన్ను కట్టాలంటారు. పోయిన సొమ్ము రాబట్టుకోవాలన్న ఆరాటంలో మనిషి అప్పు చేసి మరీ కడతాడు. జూదంలో ఓడినవాడు లేవలేని తీరే ఇదీ. క్రికెట్ పందాల్లో కుటుంబాలు ఎట్లా చితికిపోతాయో చూసిన ప్రొద్దుటూరుకు ఇది వివరించనక్కరలేదు.

2023 జూలైలో హైదరాబాదు పోలీసులు బయటపెట్టిన ముఠా సరిగ్గా ఈ పద్ధతిలోనే సుమారు 15 వేల మంది నుంచి 712 కోట్ల రూపాయలు కాజేసింది. ఫిర్యాదు చేసిన ఒక్క మనిషే 28 లక్షలు పోగొట్టుకున్నాడు. ఆ సొమ్ము దుబాయి మీదుగా చైనా వారి చేతికి చేరినట్లు పోలీసులు చెప్పారు. అదే ఏడాది డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి “పార్ట్‌టైము ఉద్యోగాల” వెబ్‌సైట్లను 100కు పైగా మూయించింది. అయినా ఒకటి మూస్తే మరొకటి తెరవడం వారికి గంట పని.

ఇందులో మరీ బాధ కలిగించే సంగతి ఒకటుంది. ఫోనులో తియ్యగా తెలుగు మాట్లాడే ఆ మనిషి కూడా మోసపోయినవాడే కావచ్చు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన రాష్ట్ర యువకులను కంబోడియాకు తరలించి, అక్కడ నిర్బంధించి, తోటి భారతీయులను ఫోనులో మోసగించే పని చేయిస్తున్న వైనాన్ని 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. కువైట్ వీసా ఏజెంటు గురించి నలుగురిని విచారించి గాని పాస్‌పోర్టు చేతికివ్వని కడప సీమ మనుషులు, కంప్యూటరు ఉద్యోగమనగానే ఆ విచారణ మానివేయరాదు.

ఖాతాల అద్దె సంగతి ఇంకా ప్రమాదకరం. కాజేసిన డబ్బు నేరుగా విదేశానికి పోదు. ముందు ఏ పల్లెటూరి యువకుడి బ్యాంకు ఖాతాలోనో పడుతుంది. “మీ ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ము ఇస్తే నెలకు ఇంత” అని ఆశపెట్టి తీసుకుంటారు. పోలీసులు వెతుక్కుంటూ వచ్చినప్పుడు దొరికేది ఆ యువకుడే. అసలువాడు ఎక్కడో వుంటాడు.

మోసపోయినవారిని అత్యాశపరులని ఒక్క మాటతో తేల్చేయడం రివాజయింది. అది అన్యాయం. ఇంజనీరింగు పట్టా పట్టుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసే పిల్లవాడు రోజుకు 500 వస్తే చాలనుకోవడం అత్యాశ ఎట్లా అవుతుంది? పిల్లలను బడికి పంపి మధ్యాహ్నం తీరిక దొరికే ఇల్లాలు తన సొంత రాబడి కోరుకోవడం తప్పా? ఈ ఎత్తిపొడుపుకు భయపడే చాలామంది నోరు విప్పడం లేదు. చీటీ ఎత్తేసినవాడి ఇంటి ముందు నలుగురూ కూర్చుని గట్టిగా అడిగే ఊళ్ళలో, ఫోనులో పోయిన డబ్బు గురించి మాత్రం భర్త భార్యకు చెప్పడు, కొడుకు తండ్రికి చెప్పడు. ఆ మౌనమే మోసగాడికి కావలసిన గడువు.

బ్యాంకుల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. కూలి పని చేసుకునే మనిషి ఖాతాలో ఒక్క రోజున లక్షలు వచ్చి పోతుంటే మేనేజరు కంట పడకూడదా? పొదుపు సంఘాల సమావేశాల్లో, డిగ్రీ, ఇంజనీరింగు కళాశాలల్లో బ్యాంకు సిబ్బందీ, పోలీసులూ కలిసి ఏడాదికి రెండుసార్లయినా ఈ మాట చెప్పాలి. గోడ మీద పోస్టరు అంటించి వెళ్ళిపోతే సరిపోదు.

డబ్బు పోయినప్పుడు

నిజమైన సర్వే ఏదీ ముందుగా డబ్బు అడగదు. రిజిస్ట్రేషను రుసుము, శిక్షణ రుసుము, పన్ను, పేరు ఏదైనా సరే, కట్టమన్న క్షణమే అది సర్వే కాదని తెలుసుకోవాలి. అభిప్రాయం చెప్పడానికి ఆధార్ నంబరు, పాన్ కార్డు, ఓటీపీ అక్కరలేదు. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ నొక్కవలసిన పని లేదు, పిన్ నొక్కితే పోయేది మన డబ్బే. సర్వే పేరుతో వివరాలు రాబట్టే అలవాటు మోసగాళ్ళకే పరిమితం కాదు. ఓటర్ల పేర్లను సర్వేల ముసుగులో పథకాలకు నమోదు చేయడం ఆపాలని 2024 మే నెలలో ఎన్నికల సంఘం రాజకీయ పార్టీలకే చెప్పవలసి వచ్చింది.

డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930 నంబరుకు ఫోను చేయాలి. ఆలస్యం కాకపోతే సొమ్ము ఇంకా ఏదో ఖాతాలో వుంటుంది, దాన్ని అక్కడే నిలిపివేసే వీలుంటుంది. రాత్రి గడిచాక చూద్దామంటే ఆ సొమ్ము పది ఖాతాలు మారిపోతుంది. సొంత బ్యాంకుకు కూడా వెంటనే తెలపాలి. పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తామని ఎవరైనా ఫోను చేసి రుసుము అడిగితే అది రెండో మోసం. కోపంలో ఆ సందేశాలను, బృందాన్ని తీసివేసేవారు చాలామంది వున్నారు, ఆ పని చేయరాదు. డబ్బు పంపిన తేదీ, వేళ, లావాదేవీ నంబరు, వచ్చిన సందేశాల ఫొటోలు, డబ్బు వెళ్ళిన ఖాతా వివరాలు ఒక కాగితం మీద రాసుకుని దగ్గరలోని పోలీసు స్టేషనుకు వెళ్ళాలి. ఏ ఊరి స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవలసిందే.